డప్పు లేనిదే కదలని గుర్రం

నేను ఫిల్మ్ నగర్ వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కాకినాడ వీధిలో నన్ను నిలబడి నీళ్లు తాగనివ్వడం లేదు. పాలబ్బాయి మొదలుకొని చర్చిలో నా పక్క బెంచీ మేరీరత్నం దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏ హీరోని చూశావ్?" ఎవర్నీ చూడలేదమ్మా అంటే మొహం మాడ్చుకుని వెళ్లిపోతారు. నల్లద్దాల కార్లు బోలెడు చూశాను. లోపల ఎవరున్నారో ఆ దేవుడికే ఎరుక. కానీ నేను చూసిన మనిషిని చూసినవాళ్లు మా వీధిలో ఇంకొకరు లేరని బల్లగుద్ది చెప్పగలను. వినే ఓపిక ఉన్నవాళ్లు కూర్చోండి. హీరోల కోసం వచ్చినవాళ్లు పేజీ తిప్పేసుకోండి, నేనేం అనుకోను.

నన్ను ఎరగనివాళ్ల కోసం ఒక ముక్క. నా పేరు సుగుణ. మిషను కుట్టుకుని బతుకుతాను. ఆదివారాలు చర్చిలో పిల్లలకు కథలు చెబుతాను. మా పిన్ని కొడుకు విల్సన్‌కు ఫిల్మ్ నగర్‌లో చిన్న డబ్బింగ్ స్టూడియో ఉంది. తెర మీద ఒకరు పెదాలు కదిపితే ఇంకొకరు గొంతు ఇస్తారు చూడండి, ఆ పని అక్కడ జరుగుతుంది. వాడు ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక పెద్దావిడ కథ రికార్డు చేయాలి. ఒకసారి వచ్చింది గానీ మైకు చూసి నోరు విప్పలేదు. ఎదురుగా కూర్చుని వినే మనిషి కావాలి. వినడంలో నిన్ను మించినవాళ్లు లేరు, రా."

వినడానికి రైలు టికెట్ పెట్టి పిలిచేవాడు దొరికితే ఎవరు మాత్రం వదులుకుంటారు? బయల్దేరాను.

ఫిల్మ్ నగర్: ఎత్తులు, పల్లాలు, ఇడ్లీలు

మా కాకినాడ అరచేయంత చదునుగా ఉంటుంది. ఎనభై ఏళ్ల ముసలాయన కూడా సైకిల్ తొక్కుకుంటూ పోతాడు. ఫిల్మ్ నగర్‌లో ఆటో కూడా మూలుగుతూ ఎక్కుతుంది. ఇళ్ల మధ్య ఏనుగులంతేసి బండలు. కొందరు బండను పగలగొట్టి ఇల్లు కట్టుకున్నారు. కొందరు పగలగొట్టలేక దాని నెత్తిన కట్టేశారు. రోడ్లకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఆ నంబర్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో వేసినవాడికైనా తెలుసో లేదో.

పొద్దున్నే విల్సన్ టిఫిన్‌కు తీసుకెళ్లాడు. రెండంటే రెండు ఇడ్లీలు, అరవై రూపాయలు! మా వీధి చివర బండి మీద ఆ డబ్బుకు ఇంటిల్లిపాదీ తింటాం, చట్నీ అడిగినంత పోస్తారు. నేను పైకే అనేశాను. "గట్టిగా అనకక్కా, ఇక్కడ డబ్బులు ఇడ్లీకి కాదు, కుర్చీకి" అన్నాడు. అయితే కుర్చీలో కాసేపు ఎక్కువే కూర్చున్నాను.

తిన్నాక వాడు ముందు వెళ్లిపోయాడు. ఎంత దూరమని, నేను నడిచి వస్తానన్నాను తగుదునమ్మా అని. సగం పల్లం దిగేసరికి కుడికాలి చెప్పు పుటుక్కున తెగింది. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డాను. అప్పుడే ఒక అమ్మాయి స్కూటీ ఆపింది. పాతికేళ్లుంటాయేమో. నిగనిగలాడే నల్లటి మనిషి, ఉంగరాలు తిరిగిన ఒత్తు జుట్టు, నవ్వుతున్న కళ్లు. ఏదో ఆఫ్రికా దేశం నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల అనుకుని, నాకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడగట్టుకున్నాను.

"ఎక్స్‌క్యూజ్ మీ, వేర్... డబ్బింగ్?"

"విల్సనన్న స్టూడియోకా ఆంటీ? ఎక్కుండ్రి, నేను గాడికే పోతున్న" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. వెనకెక్కి కూర్చున్నాక కూడా నా నోరు ఊరుకోలేదు. "మీది ఏ ఊరమ్మా?" అన్నాను.

"టోలిచౌకి."

"అహ... అంతకు ముందు?"

"అంతకు ముందు కూడ గీడనే ఆంటీ. మా అమ్మ గీడ, అమ్మమ్మ గీడ, ఆమె తాత గీడ. మీరేగా నిన్న వచ్చిన్రు? విల్సనన్న చెప్పిండు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వేశాను, ఇంక చేసేదేముంది.

కృష్ణానగర్: చెప్పులు, చాయ్, అసలు సంగతి

ఆమె పేరు నస్రీన్. సినిమాల్లో గ్రూప్ డాన్సర్. నా తెగిన చెప్పు చూసి ముందు కృష్ణానగర్ తీసుకెళ్లి చెప్పులు కొనిపించింది. దుకాణంవాడు చెప్పిన రేటును ఆమె సగానికి విరిచిన తీరు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎంత తిరిగినా బేరం ఆడటం తెలిసిన మనిషి దొరికితే అది సొంతూరే. ఆ సందుల్లో ఎటు చూసినా సినిమా కోసం వచ్చిన కుర్రాళ్లే. ఒకడు మేడ మీద అద్దం పెట్టుకుని ఏడవడం ప్రాక్టీసు చేస్తున్నాడు. నాకు నిజంగానే జాలేసి కిందనుంచి "ఏమైంది బాబూ?" అని అడిగాను. వాడు పొంగిపోయి దండం పెట్టాడు.

చాయ్ తాగుతూ నస్రీన్ చెప్పింది. వాళ్లను సిద్దీలంటారు. వాళ్ల పెద్దలు సముద్రం దాటి ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంలో సిపాయిలుగా చేశారు. తర్వాత దళం పోయింది, గుర్రాలు పోయాయి, మనుషులు మిగిలారు. పెళ్లిళ్లలో డప్పులు కొట్టే వాళ్ల బాజాకు మర్ఫా అని పేరు. అది మోగితే హైదరాబాదులో బరాత్ ఊరేగింపు ముందు కాలు ఆడించనివాడు ఉండడట.

"సినిమాల్ల ఎప్పుడన్న పిలుస్తరు ఆంటీ. అడివి మనుషుల గ్యాంగంటరు, ఆకులు కట్టుకోమంటరు. నాకు తెలుగుల డైలాగ్ ఇయ్యండి సార్ అని అడిగిన ఒకసారి. నీ నోట్ల తెలుగు ఎవరు నమ్ముతరు అన్నడు మేనేజర్."

"వాడి నమ్మకం తగలెయ్య" అన్నాను.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. విల్సన్ ఫోన్‌లో చెప్పిన పెద్దావిడ ఈ పిల్ల అమ్మమ్మే. వచ్చే శుక్రవారం ఆమె చెల్లెలి వరసయ్యే సల్మా పెళ్లి. వాళ్లింట్లో ఏ పెళ్లయినా బరాత్ బయల్దేరే ముందు ఇంటి పెద్ద ఒక కథ చెప్పాలి. వాళ్ల పూర్వీకుడి గుర్రం కథ. ఇన్నాళ్లూ అది నస్రీన్ అమ్మమ్మ, వాళ్ల మాటలో నానీ, చెప్పేది. ఏడాది కిందట అమ్మమ్మ వాళ్ల అక్క, అంటే బడీనానీ, పోయింది. అప్పట్నుంచి పెద్దావిడ ఆ కథ ఎత్తడం మానేసింది. ఎవరడిగినా "మర్చిపోయిన, పో" అంటోందట.

"మర్చిపోయిందో, చెప్పబుద్ధి కాదో నాకు సమజైతలేదు ఆంటీ. నాకు పూరా రాదు. ఎన్నోసార్లు విన్న గని ఎప్పుడు మనసు పెట్టి వినలే, మళ్ల చెప్తదిలే అనుకున్న. నానీ చెప్పకపోతే ఈ షాదీతోటి కథ ఖతం. కనీసం రికార్డన్న ఉంటే స్పీకర్ల పెడ్త." మాట్లాడుతూ మాట్లాడుతూ చాయ్ కప్పు కింద పెట్టేసి కళ్లు తుడుచుకుంది. నాకు ఆ పిల్ల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

అద్దాల గది

మర్నాడు నస్రీన్ అమ్మమ్మను తీసుకొచ్చింది. అందరూ నానీ అనే పిలుస్తారు. డెబ్బై దాటి ఉంటాయి. పొడుగ్గా, నిటారుగా, తెల్లటి దుపట్టా కప్పుకుని వచ్చింది. ఆస్పత్రిలో ఆయాగా చేసిందట, తెలుగు ఉర్దూ రెండూ కలిపి దంచేస్తుంది. వస్తూనే నా చెయ్యి పట్టుకుని "కాకినాడ నుంచి ఉత్తచేతులతోని వచ్చినవా? కాజాలేవీ?" అంది. అదృష్టం, తెచ్చాను. రెండు కాజాలు అక్కడే తినేసింది.

డబ్బింగ్ గదిలో గోడలకు మెత్తలు. ఒకవైపు అద్దం, దాని వెనక విల్సన్. లోపల మైకు, ఎదురుగా నేను, పక్కన నస్రీన్. "ఫ్యాన్ ఆపాను. గాజులు కదపకండి, మధ్యలో ఎవరూ మాట్లాడకండి" అన్నాడు వాడు. నేను తలూపాను. మాట్లాడకపోయినా కళ్లతో, చేతులతో "ఆహా, అలాగా, ఎంత బావుందండీ" అని నా శాయశక్తులా విన్నాను. మా గోదావరి జిల్లాల వాళ్లకు మర్యాద నేర్పక్కర్లేదు కదా.

నానీ గొంతు సవరించుకుంది. "మా దాదా, మా తాత, గుర్రపు సిపాయి. ఆయన గుర్రం డప్పంటే భయపడేది. దాదా దానికి డప్పు నేర్పిండు. తర్వాత షాదీ అయ్యింది. ఖతం."

అంతే! నేను ఇంకా వెనక్కి ఆనుకోలేదు కూడా. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. విల్సన్ మళ్లీ చెప్పమన్నాడు. ఈసారి ఇంకా చిన్నదైంది, గుర్రం భయం కూడా ఎగిరిపోయింది. నేను ఎంత మెచ్చుకుంటూ తలాడిస్తే ఆవిడ అంత క్లుప్తంగా తేల్చేస్తోంది. నస్రీన్ మొహం చూడలేకపోయాను. "నానీ, షాదీలల్ల చెప్తే బిర్యానీ దేగ్ మూత తీసేదాక నడుస్తుండె గద కథ!" అంది ఏడుపు గొంతుతో.

"గదే కథ. ఇంతకన్న ఏముంటది?" అని నానీ లేచి నిలబడింది. మనిషి చిన్నబోయినట్టు కనిపించింది. విల్సన్ నన్ను పక్కకు పిలిచి, పెద్దతనం అక్కా, మర్చిపోయి ఉంటుంది, ఇబ్బంది పెట్టొద్దు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఇంతదూరం వచ్చి ఉత్త చేతులతో పోతున్నందుకు బెంగగా అనిపించింది.

టోలిచౌకి: దాల్చా

వెళ్లే ముందు నానీ భోజనానికి పిలిచింది. టోలిచౌకి సందడే సందడి. నాలుగడుగులకో బిర్యానీ కొట్టు, పండ్ల బళ్లు, సూడాన్ నుంచీ సోమాలియా నుంచీ వచ్చి చదువుకునే పిల్లలు. వాళ్లను చూపిస్తూ నానీ అంది, "వాళ్లు నన్ను చూసి సలాం చేస్తరు, వాళ్ల భాషల ఏదో అంటరు. నాకు ఒక్క ముక్క రాదు. నేను తెలుగుల దువా ఇస్త, సల్లగుండు అంట. వాళ్లకు ఒక్క ముక్క సమజ్ కాదు. ఇద్దరం ఖుష్."

కింద దస్తర్‌ఖాన్ పరిచి, ఆ గుడ్డ చుట్టూ అందరం కూర్చున్నాం. మనం విస్తరి వేసి వడ్డించి పక్కన నిలబడతాం. ఇక్కడ వండినవాళ్లూ తినేవాళ్లూ కలిసే కూర్చుంటారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది, మా ఇంట్లో మొదలెడితే వేడి వేడిగా నేనూ తినొచ్చు. బగారన్నం, పప్పులో సొరకాయ వేసిన దాల్చా. ఒక్క ముద్ద పెట్టుకున్నానో లేదో చెవుల్లోంచి పొగలొచ్చాయి. గోంగూరలో పచ్చిమిర్చి నంజుకునేదాన్ని, నాకే కళ్లనీళ్లు ధారకట్టాయి.

"ఎన్ని మిరపకాయలు వేశారండీ?"

"నాలుగే బిడ్డా."

"అబద్ధం!" అనేశాను. నోరు మండి అలా వచ్చేసింది. అని, నాలుక కరుచుకున్నాను. పెద్దావిడ, పిలిచి అన్నం పెట్టిన మనిషి, ఆవిడ ఇంట్లో కూర్చుని అబద్ధం అంటానా! నస్రీన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నానీ నావైపు చూసింది. చూస్తుండగానే ఆ మొహం విప్పారింది. "ఏమన్నవ్? మళ్ల అను."

"క్షమించండి, నేను..."

"మాఫీ గీఫీ నక్కో! ఝూట్ అన్నవా లేదా? అయితే గవా ఉంది నా తాన. పక్కింటి జైనబ్‌ను అడుగు! నేను మిర్చి కోసేటప్పుడు గీ గడప మీదనే కూసున్నది, ఎర్ర దుపట్టా కప్పుకున్నది, ఆమె కోడలు అలిగి పుట్టింటికి పోయిందని ఏడ్సుకుంట ఉన్నది. నాలుగే! కాకపోతే ఒక్కోటి గింత పొడుగు!"

గవా అంటే సాక్షి. ఒక్క మిరపకాయ మీద అంత కథ కళ్లముందు పెట్టేసిందావిడ. మర్చిపోయిన మనిషి మాట్లాడే తీరు కాదది. అక్క పోయాకే కథ ఆగిందన్న నస్రీన్ మాట గుర్తొచ్చింది. నేను ముద్ద కింద పెట్టి అడిగాను, "నానీ, మీ అక్కగారు మీ కథ వింటూ ఏమనేవారు?"

ఆవిడ దుపట్టాతో ముక్కు తుడుచుకుంది. "ఝూట్ అనేది. నేను ఒక మాట చెప్తే చాలు, ఝూట్! గవా తియ్! అనేది. మా ఇంట్ల రివాజు గదే. ఒకరు చెప్పాలె, ఒకరు నమ్మొద్దు. నమ్మకుంటే గదా గవాను తీసుకొస్తం. ఎవరు చూసిన్రు, ఏడ ఉండె, ఏం పని చేస్తుండె, అన్ని చెప్పాలె. అక్క పోయింది. ఇప్పుడు ఎవరు నన్ను ఝూట్ అంటరు? పిల్లలు మంచోళ్లు, నాకు ఎదురు చెప్పరు. ఏం లాభం?"

నస్రీన్ నోరు తెరిచి చూస్తోంది. "మేం లడాయి అనుకున్నం నానీ! ఇద్దరు కొట్లాడుతున్నరని... లాస్ట్ షాదీల బడీనానీని నేనే చుప్ చేయించిన. మధ్యల మాట్లాడకు, వీడియో ఖరాబ్ అయితదని."

"ఎరుకే" అంది నానీ. కోపంగా కాదు, మామూలుగానే. ఆ పిల్ల ఆవిడ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. నానీ ఎడమచేత్తో ఆ తల నిమురుతూ కుడిచేత్తో నాకు ఇంకో గరిటె దాల్చా వేసింది. కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

మళ్లీ అద్దాల గది

ప్రయాణం వాయిదా వేసుకున్నాను. విల్సన్‌కు చెబితే ముందు తల పట్టుకున్నాడు, గొంతులు ఒకదాని మీదొకటి పడితే రికార్డింగ్ పాడవుతుందని. "పాడవనీరా, మేం పోట్లాడుకుంటాం, నువ్వు పట్టు" అన్నాను. ఇంకో మైకు తెచ్చి నా ముందు పెట్టాడు.

నానీ మొదలెట్టింది. "మా దాదా వాళ్ల అబ్బా పడవల వచ్చిండు సముద్రం మీదికెల్లి."

"అబద్ధమండీ" అన్నాను.

"గట్ల అండీ గిండీ పెట్టి అంటే నాకు కోపం ఎట్ల వస్తది? గట్టిగ అను!"

"అబద్ధం!"

"హా! గట్ల అనాలె. పడవ వరకే చెప్త. ఆయనను కొనుక్కొచ్చిన్రో, ఎత్తుకొచ్చిన్రో, తనే వచ్చిండో, గవా లేడు. గవా లేనిది మా ఇంట్ల చెప్పరు." ఆ తర్వాత గుర్రం ఎక్కింది.

ఎక్కడం అంటే ఎక్కడమే! దళంలోకి కొత్తగా తెల్లగుర్రం వచ్చింది. డప్పు వినిపిస్తే చాలు, సిపాయిని కింద పడేసి పారిపోయేది. ఊరేగింపుల్లో నడవని గుర్రం ఎందుకు, అమ్మేయమన్నారు పెద్దలు. దాదా వేడుకుని గడువు అడిగాడు. సెలవు దొరికినప్పుడల్లా దాన్ని ఊరికి దూరంగా బండల్లోకి తోలుకొచ్చేవాడు. ఏ బండలు? "గీ బండలే! మీ స్టూడియో కింద ఉన్నయి గదా, గివే!"

"ఝూట్! అంత దూరం ఎవరొస్తారు?"

"సీతాఫలాల ఎల్లమ్మను అడుగు! గీ బండల మీద గంప పెట్టుకొని కూసునేది. ఒక కన్నుకు పువ్వు ఉండె. గుర్రం ఆమె గంపల మూతి పెట్టి పండ్లు తినేది."

"గుర్రం సీతాఫలం తింటుందా? ఝూట్! గింజలేం చేసింది?"

"ఊసింది! ఎల్లమ్మ మొకం మీదనే ఊసింది! గందుకే మా దాదా ఆమె గంపను ఇంటిదాక గుర్రం మీద మోసిండు!"

అద్దం వెనక విల్సన్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. దాదా దూరంగా నిలబడి మెల్లగా డప్పు కొట్టేవాడు. ప్రతిసారీ ఒక అడుగు దగ్గరికి. చివరికి గుర్రానికి డప్పంటే ఎంత ఇష్టమైందంటే, అది మోగితేనే అడుగు వేసేది. ఊరేగింపు రోజు రానే వచ్చింది, వానా వచ్చింది. తోలు తడిసి డప్పు మూగబోయింది. నిప్పుల సెగ చూపిద్దామంటే తడి రోడ్డు మీద నిప్పు ఎక్కడిది? నిజాం సర్కారు సవారీ వెనక తెల్లగుర్రం నడిరోడ్డున నిలబడిపోయింది. దాని వెనక దళమంతా ఆగిపోయింది.

"ఝూట్!" ఈసారి అరిచింది నేను కాదు, నస్రీన్.

నానీ ఆమె వైపు తిరిగింది, కళ్లు మెరిశాయి. "గుర్రాలకు నాడాలు కొట్టే కరీంను అడుగు! వెనకనే వస్తుండె, గుర్రం తోక ఆయన మొకానికి తగిలింది! అప్పుడు నల్ల కాడ ఒక పిల్ల నీళ్లు పట్టుకుంటున్నది. చూసింది. బిందెల నీళ్లు పారబోసింది. బిందె బోర్లించి కొట్టింది దన్ దన్ దన్! గుర్రం చెవులు లేపింది, కాలు లేపింది. ఆ పిల్ల కొట్టుకుంట ముందు, గుర్రం వెనక, దాని వెనక దళం! దాదా షాదీ చేసుకున్నది ఆ పిల్లనే, మా దాదీ. గందుకే మా షాదీలల్ల డప్పుల పక్కన బిందె కొడ్తరు."

"ఝూట్! బిందె ఏదీ, చూపించు!" అంది నస్రీన్.

"బిందె ఉంటే గవా ఎందుకు? మీ తాత అమ్ముకొని తిన్నడు!"

నవ్వలేక చచ్చాం. నస్రీన్ మాత్రం వదల్లేదు. "నువ్వు కండ్లార చూసినవా?"

"నేను ఎట్ల చూస్త? దాదీ చెప్పింది."

"దాదీ లేదు. గవా ఎవరు?"

"అక్క..." అని నానీ ఆగిపోయింది. విల్సన్ రికార్డింగ్ ఆపలేదు. "అక్క పోయింది. ఎల్లమ్మ, కరీం, అందరు పోయిన్రు" అంది. మనవరాలి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నువ్వు విన్నవా, వినలేవా?"

"విన్న."

"అయితే గవా నువ్వే. ఇగ ఈ కాకినాడ బిడ్డ గూడ." నావైపు తిరిగింది. "గవా అంటే ఉత్తగనే కాదు. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా చెప్పాలె."

చెబుతానన్నట్టు తలూపాను. "మైకుల తలకాయ ఊపితే వినపడది, నోటితోని చెప్పు" అంది. చెప్పాను.

కాకినాడ

శుక్రవారం సాయంత్రం ఒక లంగా అంచు కుడుతుంటే ఫోన్ మోగింది. అవతల గోల, డప్పులు, పిల్లల కేకలు. ఆ గోలలోంచి నస్రీన్ గొంతు. "ఆంటీ! నానీ చెప్పింది! స్పీకర్ల కాదు, తనే కూసొని చెప్పింది! నేను ఝూట్ అంటే పిల్లలందరు ఝూట్ ఝూట్ అని మీద పడ్డరు. బిర్యానీ చల్లగయింది! గవా ఎవరంటే మీ పేరు చెప్పింది. చర్చి వెనక మిషను కుట్టే సుగుణమ్మ, దాల్చా తిని ఏడ్చిన సుగుణమ్మ అని. పెండ్లిపిల్ల నమ్ముతలేదు, మాట్లాడుండ్రి!"

పెళ్లికూతురు సల్మా లైన్లోకి వచ్చింది. చేతులకు మెహందీ, ఫోన్ ఎవరో చెవి దగ్గర పెట్టారట. "ఆంటీ, గుర్రం ముచ్చట నిజమేనా?"

మిషను ఆపి, లేచి నిలబడి చెప్పాను. నిజమేనమ్మా, నేను విన్నాను, ఆ బండల మీదే కూర్చుని విన్నాను, మీ నానీకి నాయనమ్మ బిందె కొడితేనే ఆ గుర్రం కదిలింది అని.

"ఝూట్!" అని అరిచింది సల్మా, నవ్వు ఆపుకుంటూ. "మీకు గవా ఎవరు?"

గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆగమ్మా, తెస్తాను అన్నాను. అన్నమాట ప్రకారం ఆ రాత్రే కాగితాలు ముందేసుకుని కూర్చుని ఇదంతా రాశాను. ఇక్కడిదాకా చదివారు కాబట్టి మీరూ విన్నట్టే. రేపు ఎవరైనా వచ్చి, ఫిల్మ్ నగర్ బండల మీద సీతాఫలాలు తిన్న గుర్రం ఉండేదా అని అడిగితే, ఏ ఊరివాళ్లయినా సరే, మొహం తిప్పుకోకండి. ఉండేదని చెప్పండి.